పేరు లేని ముక్క

జనవరి 9, శుక్రవారం

మందుల కంపెనీ వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా దాన్ని అక్క కూతురికి ఇచ్చేసేవాణ్ని, బొమ్మలు గీసుకునేది. ఇప్పుడు దానికి ఉద్యోగం వచ్చింది, ఫోనుంది, బొమ్మలు లేవు. అందుకని ఈ ఏడు నేనే ఉంచుకున్నాను. ప్రతి పేజీ పైనా దగ్గుమందు సీసా బొమ్మ. దాని కింద నా ఏడుపు నేను రాసుకుంటే ఎవరికేం నష్టం?

ఏడుపేమిటంటే, ఇవాళ్టి నుంచి మెడికల్ షాపులో నా నెత్తిమీద ఒక మేడమ్. ఫార్మసీ చదివిన మనిషి కౌంటర్లో లేకపోతే లైసెన్సు పోతుందని ఎవరో మా ఓనరుని గట్టిగా భయపెట్టినట్టున్నారు. ఇన్నాళ్లూ గోడకి ఒక సర్టిఫికెట్ వేలాడేది. ఆ సర్టిఫికెట్ తాలూకు మనిషిని ఇరవయ్యారేళ్లలో నేను చూసింది రెండుసార్లు. ఇప్పుడు నిజం మనిషే వచ్చి కూర్చుంది. ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరు ఉంటాయి. తెల్లకోటు. వచ్చీ రాగానే నా ముక్కల డబ్బా చూసి మొహం చిట్లించింది.

షీటు మొత్తం ఎవరు కొంటారు? నాలుగివ్వు, ఆరివ్వు అంటారు. కత్తెరతో టకటకా కత్తిరించి ఇస్తాను. పేరూ గడువు తేదీ ఉన్న కొస మాత్రం షాపులోనే మిగలాలి, డబ్బాలో పడాలి. అది ఓనరు పెట్టిన నియమం. లేకపోతే మిగిలిన ముక్క ఏ మందో మాకే తెలియదు. పేరు లేని కొస మనిషికి వెళుతుంది.

"మరి వాళ్లకెలా తెలుస్తుందండీ, అదేం మాత్రో?" అంది మేడమ్.

"నేనున్నాను కదండీ," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా కత్తెర తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి నొక్కు పడింది, కొత్తది తెప్పించండి," అంది. ఆ నొక్కు పడి పదేళ్లయింది. మధ్యలో ఒకచోట చిన్న పంటిగాటులా తెగుతుంది, అంతే. మాత్రకేం కాదు.

వీధంతా నన్ను డాక్టరుగారూ అనే పిలుస్తుంది. మొదట్లో వేళాకోళం. తర్వాత అదే పేరైపోయింది. నా చదువు మధ్యలో ఆగిపోయింది గానీ, లేకపోతే ఆ తెల్లకోటు ఈపాటికి నా ఒంటి మీద మాసిపోయి ఉండేది.


జనవరి 18, ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లోనే తిండి. పెళ్లి చేసుకోని తమ్ముడికి అది హక్కు అంటుంది అక్క.

ఇవాళ అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. శుక్రవారం అక్క ఇస్త్రీ చేసే లాండ్రీ ఓనరు పోయాడు. అక్క కళ్లముందే. చొక్కాలు లెక్కపెడుతూ పెడుతూ గుండె ఆగి బల్ల మీదికి ఒరిగిపోయాడట. యాభై ఆరేళ్లు. అక్కకి యాభై ఎనిమిది.

"నాకూ అలాగే అవుతుందేమోరా," అంది.

"ఛ, ఊరుకో."

"ఆయనా ఊరుకునే పోయాడు. గుండెకి ఏదైనా మాత్రుంటే ఇవ్వరాదూ?"

మా షాపుకొచ్చే రిటైరైన డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకుని ఏడేళ్లయింది. రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర, రక్తం గడ్డ కట్టనివ్వకుండా. డెబ్బై రెండేళ్ల మనిషి, నేను షట్టరెత్తే వేళకి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చి నిలబడతారు. అక్కకి అదే చెప్పాను. చెబుతుంటే ఆమె మొహంలో భయం కాస్త దిగింది. నాకు ఎంత బాగుందో.

మేనకోడలు మధ్యలో దూరింది. "డాక్టర్ని అడగక్కర్లేదా మామయ్యా?"

"అడుగు. మాత్ర రాసే ముందు పది పరీక్షలు రాస్తాడు."

"డాక్టరు ఇంట్లో ఉండగా ఇంకో డాక్టరెందుకే?" అంది అక్క. కూర ఇంకో గరిటె వేసింది నాకు.


జనవరి 19

షాపు మూశాక వెళ్లి ఇచ్చాను. ఏడు మాత్రలు. మొదటిది నా ముందే మింగింది. ఆదివారం ఆదివారం ఏడేసి తెస్తానన్నాను. ఒక్కరోజు కూడా మానకూడదని గట్టిగా చెప్పాను. మాస్టారికి వాళ్ల డాక్టరు చెప్పిన మాటే అది.

మోకాళ్ల నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు ఉండే డబ్బాలో వెయ్యలేదు అక్క. కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. "పొద్దున్నే కళ్లజోడుకి ఎలాగూ తెరుస్తాను, మర్చిపోను," అంది. తెలివైన మనిషి. చదువుకుని ఉంటే నాకంటే పైకొచ్చేది.


జనవరి 30, శుక్రవారం

మేడమ్ దగ్గరికి ఇవాళ ఒకాయన వచ్చి గుండెకి మంచిదట, ఆ చిన్న ఆస్పిరిన్ ఇవ్వండి అన్నాడు. ఆవిడ మొదలెట్టింది. ఎవరు రాశారు, గుండెపోటు వచ్చిందా, కడుపులో పుండుందా, నొప్పి మాత్రలు మింగుతున్నారా. ఆయన విసుక్కుని వెళ్లిపోయాడు. వచ్చిన బేరాన్ని పంపేసింది.

"ఒక్క మాత్రకి అంత విచారణ ఎందుకండీ?" అన్నాను.

"గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ ఉన్నవాళ్లకి అది కాపాడే మందండీ. ఏమీ లేనివాళ్లు సొంతంగా మొదలెడితే మేలుకంటే కీడెక్కువ. అందులోనూ వయసు పైబడి, రోజూ నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లకి ఇది తోడైతే కడుపులో రక్తం కారుతుంది. డాక్టరు చూసి చెప్పాలి."

"తెలుసండీ," అన్నాను.

తెలుసు కూడా. ఎప్పుడో విన్నాను. అయినా అవన్నీ పుస్తకంలో మాటలు. అక్కది మొదటినుంచీ గట్టి ఒళ్లు. రోజుకి ఎనిమిది గంటలు ఇస్త్రీ బల్ల ముందు నిలబడే మనిషి.


ఫిబ్రవరి 8, ఆదివారం

తిన్నాక పొట్టలో మంటగా ఉంటోందట. గ్యాస్ మాత్రలు ఇంకో ఆరు ఇచ్చాను. ఏడు చిన్నవి కూడా ఇచ్చాను.


ఫిబ్రవరి 15

అక్క బాగుంది.


ఫిబ్రవరి 22

అక్క బాగానే ఉంది. కాస్త నీరసం. మెట్లెక్కుతుంటే ఆయాసం అంది. ఎండలు మొదలయ్యాయి కదా. ఐరన్ టానిక్ మళ్లీ తాగుతావా అంటే వద్దంది, పోయిన నెల తాగింది చాలంది.


మార్చి 1, ఆదివారం

అన్నాలయ్యాక వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. కూతురికి వినపడకుండా, సిగ్గుపడుతూ చెప్పింది. దొడ్డికి వెళితే నల్లగా, తారులా వస్తోందట. నాలుగు రోజులుగా.

"ఐరన్ టానిక్ వల్ల అక్కా. ఐరన్ తాగితే నల్లగానే వస్తుంది."

"అది అయిపోయి నెలవుతోందిగా?"

"ఒంట్లో నిలవుంటుంది."

సరే అంది. నేను చెప్పాక ఇక అడగదు. ఏడు మాత్రలు ఇచ్చి వచ్చాను.

ఇదంతా రాయాల్సిన పని లేదు. ఎందుకు రాశానో.


మార్చి 4, బుధవారం

అక్క లాండ్రీలో పడిపోయింది. పదకొండు గంటలకి. వాంతి చేసుకుందట, కాఫీ పొడి కలిపినట్టుందట. మేనకోడలు ఫోన్ చేసి ఏడుస్తుంటే నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కౌంటరు మీద నుంచి దూకినంత పనిచేశాను.

పెద్దాసుపత్రి మా షాపుకి రెండు వీధుల అవతలే. నేను వెళ్లేసరికి అక్క మొహం పాలిపోయి గోడలో కలిసిపోతోంది. కడుపులో పుండు, అందులోంచి రక్తం కారుతోందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. గొట్టం లోపలికి పంపి పుండు దగ్గర క్లిప్పు వేశారు.

ఎర్ర కళ్లద్దాల డాక్టరు ఒకడున్నాడు, అక్కని చూసేది అతనే. నా కొడుకు వయసుంటుంది, కొడుకంటూ ఉంటే. అక్కని అడిగాడు, ఏమేం మందులు వాడతారమ్మా అని. ఆ స్థితిలో కూడా అక్క ఏమందో తెలుసా? "మందుల సంగతి మా తమ్ముడికి తెలుసు. వాణ్నడగండి."

నన్నడిగాడు.

మేనకోడలు ఈలోగా ఇంటికి పరిగెత్తి మాత్రల డబ్బా తెచ్చింది. డాక్టరు బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ ముక్కలే. "వీటి మీద పేర్లేవి?" అన్నాడు.

"మామయ్య షాపులోవి. మామయ్యకి తెలుసు," అంది అది.

ఒక్కొక్కటే చూపించి చెప్పాను. ఇది మోకాళ్ల నొప్పి మాత్ర. ఇది గ్యాస్ మాత్ర. ఇది జ్వరానిది.

"నొప్పి మాత్ర రోజూనా?"

"అప్పుడప్పుడండీ."

"రక్తం పలచబడే మందులేమన్నా?"

డబ్బాలోకి చూశాను. డబ్బాలో ఆ మాత్ర లేదు. "ఇవేనండీ ఉన్నవి," అన్నాను.

అబద్ధం చెప్పలేదు. డబ్బాలో ఉన్నవి అవే.


మార్చి 5, గురువారం

అక్క కళ్లు తెరిచింది. పెదాలు తడారిపోయాయి. ఇంకా ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచం పక్క బల్ల మీద నీళ్ల సీసా, దువ్వెన, కళ్లజోడు పెట్టె. మేనకోడలు ఇంటినుంచి తెచ్చి పెట్టింది.

నన్ను చూసి నవ్వింది. "భయపడ్డావా?" అని నన్నడిగింది.

నొప్పి మాత్రల వల్లే పుండు పడి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఇక జన్మలో వాటి జోలికి వెళ్లొద్దన్నాడు. నేనూ గట్టిగా తలూపాను.


మార్చి 6

అక్క నయం. రేపో ఎల్లుండో మామూలు వార్డుకి మారుస్తారట.

గండం గడిచింది. ఇప్పుడు ఆ సంగతి ఎత్తి ఎవరికేం లాభం? డాక్టరుకి తెలిస్తే మేడమ్‌కి తెలుస్తుంది. మేడమ్‌కి తెలిస్తే ఓనరుకి, ఓనరు నుంచి వీధికి. మాత్రలు ఎలాగూ ఆగిపోయాయి. ఇల్లు చేరాక ఒక ఆదివారం మెల్లిగా చెబుతాను అక్కకి, ఆ చిన్నవి కూడా ఇక వద్దులే అని.


మార్చి 7, శనివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి. రేపటికి నేను దీన్ని కూడా నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున తొమ్మిదికి మళ్లీ రక్తం. మేనకోడలు ఫోన్. వెళ్లేసరికి అక్క చుట్టూ నలుగురు. బీపీ పడిపోతోంది అంటున్నారు. ఎర్ర కళ్లద్దాల డాక్టరు బయటికొచ్చి, "క్లిప్పు సరిగ్గానే ఉంది, అయినా పుండు మొత్తం నుంచి ఊరుతోంది. గడ్డ కట్టాల్సిన రక్తం గడ్డ కట్టట్లేదు. ఎందుకో అంతు పట్టట్లేదు," అన్నాడు. ఆగకపోతే కడుపు కోయాలన్నాడు. ఈ నీరసంలో ఆపరేషన్‌కి తట్టుకుంటుందో లేదో చెప్పలేమన్నాడు.

మేనకోడలు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

నేను లోపలికి వెళ్లి బల్ల మీది కళ్లజోడు పెట్టె తెరిచాను.

ఆదివారం ఏడు ఇచ్చాను. సోమవారం నుంచి మొదలు. బుధవారం పడిపోయే వేళకి మూడు అయ్యాయి. అంటే నాలుగుండాలి.

ఒకటుంది.

గురువారం, శుక్రవారం, ఇవాళ. మంచం మీద పడుకుని, ఒకపక్క రక్తం ఎక్కుతుంటే, ఎవరూ చూడకుండా కూడా కాదు, మామూలుగానే, పొద్దున్నే కళ్లజోడు తీసి, ఒక్క గుక్క నీళ్లతో మింగింది. ఒక్కరోజు కూడా మానకూడదని తమ్ముడు చెప్పాడు మరి.

గురువారం నాటి పేజీ ఇప్పుడే తిప్పి చూశాను. కళ్లజోడు పెట్టె అని నా చేత్తో రాసి ఉంది. చూశాను. రాశాను. ఊరుకున్నాను. మాత్రలు ఆగిపోయాయని మర్నాడు రాసింది కూడా నేనే. ఎవరు ఆపారు? ఆపమని ఎవరు చెప్పారు? నేనంత పిరికి వెధవని.

డాక్టరు ముందు నిలబడ్డాను. ఆ ఒక్క మాత్ర ఉన్న ముక్క చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"వస్తానుండండి," అని పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో ఇప్పటికీ తెలియదు. నోటితో చెబితే సరిపోయేది, రెండు ముక్కల మాట. నోటితో చెప్పలేకపోయాను. షాపులో మేడమ్ ఒక్కతే ఉంది. ముక్కల డబ్బా బోర్లించి కెలికాను. కిందటి ఆదివారం కత్తిరించిన షీటు తాలూకు పేరున్న కొస దొరికింది. మేడమ్ దాన్ని చూసింది, నా మొహం చూసింది.

"ఎవరికిచ్చారండీ?"

"మా అక్కకి."

"ఆవిడ నొప్పి మాత్రలేమైనా వాడతారా?"

తలూపాను.

"ఇంకా నిలబడ్డారేంటి, వెళ్లండి!" అని అరిచింది. తిట్టినా బాగుండేది.

డాక్టరు బల్ల మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాను. నా కత్తెర నొక్కు ఉంది కదా, ఆ గాటు దగ్గర రెండూ సరిగ్గా అతుక్కున్నాయి. పేరు చదువుకున్నాడు. ఆస్పిరిన్, డెబ్బై అయిదు మిల్లీగ్రాములు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడు వారాలు."

"ఎవరు రాశారు?"

"నేనేనండీ ఇచ్చింది."

"ఇక్కడ చేరాక కూడానా?"

"ఇవాళ పొద్దున కూడా."

కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. "నాలుగు రోజులుగా మేము ఆ రక్తం గడ్డ కట్టాలని తంటాలు పడుతున్నామండీ. మీరు గడ్డ కట్టకుండా మందేశారు. బుధవారం మిమ్మల్ని అడిగాను."

"అడిగారు."

"నొప్పి మాత్ర నిజంగా అప్పుడప్పుడేనా?"

"రోజూ రెండు. మూడేళ్లుగా."

నర్సుని కేకేసి, రక్తం గడ్డ కట్టడానికి ప్లేట్‌లెట్లు తెప్పించమన్నాడు, లోపలికి పరిగెత్తాడు.

మేనకోడలు తలుపు దగ్గరే నిలబడి మొత్తం విన్నది. "బుధవారమే తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

"అమ్మ దగ్గర నేనుంటాను. నువ్వెళ్లు."

మామయ్యా అనలేదు. వెళ్లలేదు నేను. వరండాలో, అద్దాల తలుపుకి ఇవతల బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రం అయిదింటికి నర్సు వచ్చి, రక్తం ఆగింది, ఆపరేషన్ అక్కర్లేదనుకుంటున్నారు అని చెప్పింది. నాతో కాదు, మేనకోడలితో. నాకు వినపడింది.


మార్చి 8, ఆదివారం

డాక్టరు అక్కని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, మంచం కాళ్ల దగ్గర.

"ఈ చిన్న మాత్ర మీకు ఎవరిచ్చారమ్మా?"

అక్క నావైపు చూడనైనా చూడలేదు. "ఎవరూ ఇవ్వలేదయ్యా. బస్టాండు దగ్గర ఏదో షాపులో నేనే కొనుక్కున్నాను. వీడికి తెలియను కూడా తెలియదు."

డాక్టరు నన్ను చూశాడు. అప్పటికే నేను అన్నీ చెప్పేశానని ఆమెకి తెలియదు. ఆ మనిషి మంచివాడు. "సరేనమ్మా," అని కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. సిగ్గుతో నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది.

నన్నిలా కాపాడడం ఆమెకి కొత్త కాదు. జనవరిలో ఇదే డైరీలో, నా చదువు మధ్యలో ఆగిపోయిందని రాశాను. ఆగిపోలేదు. ఫార్మసీ మొదటి ఏడాది పరీక్ష రెండుసార్లు తప్పాను. ఫలితాలు చూసొచ్చిన రోజున అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "అమ్మకి ఒంట్లో బాగాలేక మానేశావని చెబుదాం," అంది. అప్పుడు అమ్మ నిక్షేపంగా ఉంది. వీధంతా ఆ మాటే నమ్మింది. ముప్ఫై ఏళ్లకి నేనూ నమ్మేశాను.


మార్చి 9

వెళ్లాను. మేనకోడలు తలుపు దగ్గర నిలబడి, నిద్రపోతోంది అంది. తలుపు అద్దంలోంచి అక్క కూర్చుని కనిపిస్తోంది. తిరిగి వచ్చేశాను.


మార్చి 12, గురువారం

బుద్ధి రాలేదు నాకు. రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ మర్చిపోకుండా.

పొద్దున డ్రిల్లు మాస్టారు వచ్చారు, నెలకి సరిపడా అదే మాత్ర కావాలని. చీటీ చూడగానే నాకు అక్కే గుర్తొచ్చింది. "మాస్టారూ, ఇది మానెయ్యండి. కడుపు లోపల రక్తం కారి ప్రాణం మీదికొస్తుంది. నా మాట వినండి," అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. "నిజమా డాక్టరుగారూ? అయితే ఇవాళ్టినుంచే మానేస్తా," అని చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయారు.

మేడమ్ కౌంటరు చుట్టూ తిరిగి బయటికే వచ్చేసింది. "మాస్టారూ, ఆగండి! మీకు స్టెంట్ ఉంది. మీరు దాన్ని సొంతంగా మానేస్తే అక్కడ రక్తం గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. మీ డాక్టరు చెప్పందే ఒక్కరోజు మానకండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఇంకెవరి దగ్గరికి వెళ్లినా ఇది వాడుతున్నానని చెప్పండి. నల్లగా దొడ్డికైనా, పొట్టలో మంటైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి మాత్రలు మాత్రం అడక్కుండా వేసుకోకండి."

ఆయన నావైపూ ఆవిడవైపూ చూశారు. "మరి డాక్టరుగారు మానమంటున్నారే?"

"ఆయన డాక్టరు కాదండీ," అంది మేడమ్. కటువుగా కాదు. వాన పడుతోంది అన్నట్టు అంది.

పూర్తి షీట్లు, పేరు కనపడేలా, కవర్లో వేసి ఇచ్చింది. ఆయన వెళ్లాక నేను స్టూలు మీద కూర్చున్నాను. వద్దన్నా నేనే, వేసుకో అన్నా నేనే. రెండుసార్లూ ఎదుటి మనిషి గురించి ఒక్క ప్రశ్నైనా అడగలేదు.

మధ్యాహ్నం ముక్కల డబ్బా ఖాళీ చేశాను. ఇక మీదట ఏ ముక్క బయటికెళ్లినా కవరు మీద మందు పేరు రాసి ఇవ్వాలని మేడమ్ అంటే ఓనరు సణిగాడు. అక్క సంగతి మాత్రం ఎక్కడా ఎత్తొద్దని నాకు చెప్పాడు. మేడమ్ వైపు నేను నిలబడ్డాను. కవర్ల మీద పేర్లు రాసే పని నాది.


మార్చి 16

అక్కని ఇంటికి పంపించారు. కబురు లాండ్రీ వాళ్ల ద్వారా తెలిసింది.


మార్చి 22, ఆదివారం

వెళ్లనా వద్దా అని పొద్దుట్నుంచీ చొక్కా తొడుక్కోవడం, విప్పడం. చివరికి వెళ్లాను.

మేనకోడలు తలుపు తీసింది. "రా," అంది. అంతే. అయినా రా అంది.

అక్క సగమైపోయింది. చేతి మీద సూది గుచ్చిన చోట పచ్చగా కమిలి ఉంది. "పదిహేను రోజులకా రావడం? నాకు దగ్గు మందు కావాల్సొస్తే ఎవర్నడగాలి?" అని నవ్వింది. ఎప్పటిలాగే. కోప్పడుతుందని ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఒక్కటీ పనికిరాలేదు.

"అక్కా, ఆ మాత్ర నేనే ఇచ్చానని డాక్టరుకి చెప్పేశాను. నువ్వు బస్టాండు అనకముందే చెప్పాను."

"తెలుసు. ఇది చెప్పింది."

"బుధవారమే చెప్పి ఉండాల్సింది. నీకూ చెప్పి ఉండాల్సింది. నువ్వు ఆ పెట్టె తీసి మింగుతుంటావని నాకు తట్టలేదని కాదు. తట్టింది. భయపడి..."

"అన్నం తిందాం పద," అంది అక్క.

కంచాలు పెట్టారు. డాక్టరు రాసిచ్చిన మందుల కాగితం బీరువా తలుపు మీద అంటించి ఉంది, మేనకోడలి చేతిరాతతో పెద్ద అక్షరాల్లో. కింద అట్టపెట్టెలో పూర్తి షీట్లు, ఒక్కటీ కత్తిరించనివి. అక్క అందులోంచి ఒక మాత్ర ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. కాగితం ఎదురుగానే ఉంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. అయినా అటు చూడలేదు. అరచెయ్యి నాముందు చాపింది.

"ఇది తిండికి ముందా, తర్వాతారా?"

మేనకోడలు చేతిలో గరిటె ఆగిపోయింది.

నాకు తెలుసు. పుండు మానడానికిచ్చే మాత్ర, తిండికి అరగంట ముందు. ఇరవయ్యారేళ్లుగా రోజుకి పదిమందికి చెప్పే మాట. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క కళ్లలో ఇసుమంతైనా అనుమానం లేదు. అది చూశాక నోరు రాలేదు. ఎంత రక్తం పోయినా ఆ నమ్మకం మాత్రం పోలేదు.

"నాకు తెలియదక్కా," అన్నాను.

"నీకు తెలియదా?"

"తెలియదు. డాక్టరు రాశాడుగా, అందులో చూద్దాం."

అక్క నన్ను చాలాసేపు చూసింది. ఎప్పుడూ లేనిది, నా మొహం కొత్తగా చూస్తున్నట్టు. మేనకోడలు బీరువా దగ్గరికి వెళ్లి కాగితం చదివింది. "తిండికి అరగంట ముందమ్మా." అక్క మాత్ర మింగి, నీళ్ల గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఆ మాట జనవరిలోనే అనుంటే పోయేది కదరా," అంది.

"అవునక్కా," అన్నాను. అరగంట ముగ్గురం కంచాల ముందు అలాగే కూర్చున్నాం.